వంతు

బిర్కత్ అల్ మౌజ్ చెక్‌పోస్టు దాటినంక
బండి ముక్కు పైకి లేచింది. రెండో గేరు.
చెవులు గప్పున మూసుకున్నయ్.
పక్క సీట్ల గ్యాస్ సిలిండర్, ఎనుక నా డబ్బా:
రెంచీలు, రాగి పైపు, నిన్నటి ఖుబ్బూస్ ముక్క.

జాబ్ కార్డు మీద రాసుంది:
ఏసీ పనిచేస్తలేదు. వారంటీ ఉంది.
ఇంటాయన, ఖల్ఫాన్ బిన్ జహ్రాన్.
ఫోన్ చేసింది కొడుకు, మస్కట్ నుంచి.

రోడ్డు ఒడిసినకాడ గాడిద ఎదురొచ్చింది.
దాని ఎనుక ముసలాయన,
చేతిల దానిమ్మ కొమ్మలు కోసే కత్తెర.
సలాం చెప్పిండు. ఏసీ ముచ్చటే తియ్యలే.
ముందు ఖర్జూరం, పిదప కహ్వా.
చాలంటే నోటితో చెప్పొద్దు, గిన్నె ఊపాలె.
మూడోసారికి ఊపిన.

ఏసీ బాగనే ఉంది.
ఎవలూ ఎన్నడూ స్విచ్ ఎయ్యలే, అంతే.
రిమోటు మీది ప్లాస్టిక్ కవరు ఇంక ఒలువనే లేదు.
బయటి పెట్టె విప్పితే
ఫ్యాను రెక్కల నడుమ గూడు.
నాలుగు నోళ్లు ఎర్రగ తెరిచి
నన్నే తిండి అడిగినయ్.
ముసలాయన తొంగి చూసి నవ్విండు:
"వాటికి చల్లగనే ఉంది గద.
పనిచేస్తున్నట్టే."

పొద్దెక్కినంక కాలువ కాడికి తోలుకపోయిండు.
ఫలజ్ అంటరట. కొండ కడుపుల నుంచి
జానెడు వెడల్పుతోని నడిచొచ్చే నీళ్లు.
బయట్ల పాతిన కర్ర ఒకటి.
దాని నీడ ఒక రాయి దాటి ఇంకో రాయిని ముట్టంగనే
ఎవలో వంగి, పేలిక చుట్టిన బండ తీసి
నీళ్లను పక్క మడికి మలిపిండు.
ఎవలూ అరువలే. ఎవలూ సెల్లు చూడలే.
"మరి రాత్రి?" అన్న.
"రాత్రికి చుక్కలున్నయ్ గద.
ఆ గుట్ట మీద ఎర్రచుక్క పొడిస్తే నా వంతు."

మా తాత నీరటోడు.
తూము కాడ గొంగడి కప్పుకొని పండేటోడు.
ఎవని మడికి ఎంత సేపో నాలుక మీద ఉండేది.
కల్లంల అందరూ మానెడు మానెడు కొలిచేటోళ్లు ఆయనకు.
పిదప ఊరంత బోర్లు.
ఎవని నీళ్లు వానియి, ఎవని అప్పు వానిది.
తాత గొంగడి దూలానికి ఏలాడింది.
మేం నాలుగు బోర్లు ఏసినం.
మూడింటిల దుబ్బ లేచింది.
నాలుగోదాని అప్పు నన్ను విమానం ఎక్కించింది.

కాలువల మోకాళ్లదాక దిగి నాచు గీకుతున్నడు
బంగ్లా పిలగాడు, మొఫిజుల్.
ఎట్లుందిరా ఈడ అని హిందీల అడిగిన.
"చల్లగుంటది భాయ్. సిగ్నలే ఉండది.
బిడ్డ మొఖం చూడాల్నంటే గంట ఎక్కాలె, ఆ గుట్ట మీదికి."
ఈ ఊరి నెమ్మది కింద
వీని నడుము కూడ ఉంది.
ముసలాయనకు ఎరుకే అనుకుంట:
పగటి బువ్వల పెద్ద చేప ముక్క వానికే ఏసిండు.
జీతం మాత్రం నేనడిగితే
మొఫిజుల్ నీళ్లల్లకే చూసిండు.

దిగుతుంటే లెక్క చూసుకున్న.
నాకు కూడ ఎక్కువేం లేవు.
ఒక మంచం, అదీ పైది. ఒక ట్రంకు.
మూడు జతల బట్టలు. గోడకు నా పేరు మీద ఒక మొల.
వీటిని చూడ ఎవలూ కొండెక్కి రారు.
ఆయనకు సరిపోయినయ్.
నాకు గవ్వే దొరికినయ్.

కార్డుల కారణం అన్నకాడ ఏం రాయాలె?
శాన సేపు పెన్ను పట్టుకున్న.
"పార్ట్స్ రావాలె. మూడు వారాలు" అని రాసిన.
రెక్కలు రావడానికి గంత చాలు.

ఆ రాత్రి గాలా క్యాంపుల
మా రూము ఏసీనే ఆగింది.
ఎనిమిదిమందిమి బయటపడ్డం.
నల్లా కాడ లైను, దారమంత ధార.
నా ముందలి నేపాలీ
బకెట్టు సగం నిండంగనే పక్కకు జరిపి
నాది పెట్టిండు.
ఇంక నిండలే గద అన్న.
"నీ వంతు" అన్నడు.

తలెత్తి చూసిన.
ఎర్రచుక్క లేదు.
ట్యూబ్‌లైటు చుట్టు పురుగులు.